మొదటి ఎడ్వర్డ్ యుద్ధాలు, వాటి ఖర్చు, వాటి ఫలితం

ఇంగ్లండును 1272 నుంచి 1307 వరకు ఏలిన మొదటి ఎడ్వర్డును కొందరు మహాయోధుడంటారు, కొందరు వేల్స్‌ను, స్కాట్లండును నెత్తుటిలో ముంచిన కర్కశుడంటారు, న్యాయశాస్త్రం చదివినవారు గొప్ప శాసనకర్త అంటారు; ఈ మూడింటిలో ఏది సరైనది, అతడి పాలన వల్ల నిలిచిపోయినదేమిటి అన్నది ప్రశ్న. మూడూ నిజమేనని నా అభిప్రాయం. అయితే వాటిని మూడు వేర్వేరు అధ్యాయాలుగా చదివితే ఆ మనిషి అర్థం కాడు. అతడు చేసిన ప్రతి పెద్ద యుద్ధానికీ రాజ్యం భరించలేనంత డబ్బు కావలసి వచ్చింది, ఆ డబ్బు కోసం రాజ్యంలోని నానా వర్గాలవారినీ పిలిచి అడగవలసి వచ్చింది, ఇచ్చినవారు ఊరుకోకుండా బదులుగా హామీలు రాయించుకున్నారు. ఈ కాలాన్ని పాఠంగా చెప్పేటప్పుడు నేను విద్యార్థుల చేత యుద్ధాల పటం కన్నా ముందు జీతాల పద్దులు, సుంకాల లెక్కలు చూపించి చదివించడానికి కారణం అదే.

యోధుడన్న పేరుతోనే మొదలుపెడదాం. అరవై ఎనిమిదేళ్ల జీవితంలో అతడు స్వయంగా పాల్గొన్న పెద్ద బహిరంగ యుద్ధాలు మూడే: 1264లో లూయిస్, 1265లో ఈవ్‌షామ్, 1298లో ఫాల్‌కిర్క్. మొదటిది ఓడిపోయాడు, అందులో అతడి దుడుకుతనానికీ వాటా ఉంది. తండ్రి మూడవ హెన్రీ మీద తిరగబడిన ప్రభువులకు నాయకుడు సైమన్ డి మాంట్‌ఫర్ట్. వరసకు ఎడ్వర్డుకు మేనత్త భర్త. లూయిస్‌లో ఎడ్వర్డ్ తన గుర్రపు దళంతో ఎదుటి పక్షంలోని లండన్ పౌరుల దండును చెదరగొట్టి, అంతటితో ఆగక వారిని మైళ్ల దూరం తరుముకుంటూ పోయాడు. తిరిగి వచ్చేసరికి తండ్రి సైన్యం ఓడిపోయి ఉంది. తండ్రీ కొడుకులిద్దరూ మాంట్‌ఫర్ట్ చేతిలో బందీలయ్యారు. మరుసటి ఏడు మే నెలలో హెరిఫర్డ్ దగ్గర, గుర్రాలను పరీక్షిస్తానన్న నెపంతో కాపలావారి గుర్రాలన్నిటినీ ఒక్కొక్కటిగా ఎక్కి అలసిపోయేదాకా పరుగెత్తించి, చివరికి అలసట లేని గుర్రమెక్కి తప్పించుకున్నాడు. ఆ ఆగస్టు 4న ఈవ్‌షామ్‌లో మాంట్‌ఫర్ట్‌ను వల పన్ని పట్టినట్టు చుట్టుముట్టి చంపాడు. శత్రువులను బందీలుగా పట్టి డబ్బుకు విడిచిపెట్టడమే ఆనవాయితీగా ఉన్న ఆ కాలంలో ఈవ్‌షామ్‌లో ప్రభువులను ఊచకోత కోశారు. మాంట్‌ఫర్ట్ శవాన్ని ముక్కలు చేశారు. అప్పటికి ఎడ్వర్డుకు ఇరవై ఆరేళ్లు. ఆ దుడుకుతనం తర్వాత ఎన్నడూ కనిపించలేదు గానీ, ఆ కాఠిన్యం చివరిదాకా ఉంది.

1270లో క్రూసేడ్ యాత్రకు, అంటే జెరూసలేం ప్రాంతం కోసం క్రైస్తవులు ముస్లింలమీద చేసే దండయాత్రకు, బయలుదేరాడు. 1271లో పాలస్తీనా తీరంలోని ఆక్ర్ చేరేసరికి వెంట ఉన్నది చిన్న సైన్యం. దానితో చెప్పుకోదగ్గ విజయమేదీ సాధించలేకపోయాడు. 1272 జూన్‌లో ఒక హంతకుడు విషం పూసిన కత్తితో పొడిచినా బతికి బయటపడ్డాడు. తండ్రి 1272 నవంబరు 16న మరణించిన వార్త సిసిలీలో తెలిసింది. ఇంగ్లండుకు చేరింది 1274 ఆగస్టులో, పట్టాభిషేకం అదే నెల 19న. రాజు దేశంలో లేకపోయినా, తలమీద కిరీటం లేకపోయినా దాదాపు రెండేళ్లపాటు అతడి పేరు మీద పాలన సాఫీగా సాగింది. ప్రభువుల తిరుగుబాటు ముగిసి పదేళ్లైనా కాని దేశంలో ఇది చిన్న విషయం కాదు. ఈ యాత్ర నుంచి అతడు తెచ్చుకున్న అసలు లాభం ఇటలీలోని లూకా నగరానికి చెందిన రిక్కార్డీ అనే వడ్డీ వ్యాపార సంస్థతో ఏర్పడిన పరిచయం. తర్వాత ఇరవై ఏళ్లు అతడి యుద్ధాలు నడిచింది వారి పెట్టుబడితోనే.

ఆ ఏర్పాటు ఎలా పనిచేసిందో చూడాలి. ఇంగ్లండు గొర్రెల ఉన్ని అంటే నేటి బెల్జియం ప్రాంతంలోని ఫ్లాండర్స్ నేతగాళ్లకు ప్రాణం. 1275లో ఎడ్వర్డ్ పార్లమెంటును ఒప్పించి, దేశం దాటే ప్రతి ఉన్ని బస్తా మీద 6 షిల్లింగుల 8 పెన్నీల (12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు) శాశ్వత సుంకం వేయించాడు. ఏటా సుమారు 10 వేల పౌండ్లు వచ్చేవి. ఆ సుంకం వసూలు చేసుకునే హక్కును రిక్కార్డీలకే అప్పగించాడు. యుద్ధం వచ్చిపడితే వారు వెంటనే రొక్కం సర్దుతారు, తర్వాత సుంకం నుంచి మెల్లగా రాబట్టుకుంటారు. రాజు మామూలు ఆదాయం ఏటా 30 వేల పౌండ్లకు లోపే ఉన్న రోజుల్లో, 1272-94 మధ్య వారు అందించిన సొమ్ము మొత్తం 4 లక్షల పౌండ్లకు దగ్గరగా ఉంటుందని చరిత్రకారుల లెక్క. పన్ను వసూలయ్యేదాకా ఆగకుండా యుద్ధానికి కదలగలగడం అతడికి ఆనాటి పొరుగు రాజ్యాలమీద దొరికిన పెద్ద ఆధిక్యం.

ఇదే కాలంలో చట్టాల పని కూడా జోరుగా సాగింది. 1274-75లో దేశమంతటా విచారణాధికారులను పంపి, ఏ ప్రభువు రాజుకు చెందవలసిన ఏ హక్కును అక్రమంగా అనుభవిస్తున్నాడో, ఏ అధికారి జనాన్ని ఎలా పీడిస్తున్నాడో ఊరూరా ప్రమాణం చేయించి రాయించాడు. ఆ వాంగ్మూలాల్లో లంచాల గోల చదువుతుంటే ఏడు వందల ఏళ్లు గడిచినట్టే అనిపించదు. తర్వాత 1275 వెస్ట్‌మినిస్టర్ శాసనం, 1278 గ్లోస్టర్ శాసనం, భూములు చర్చి చేతికి పోకుండా అడ్డుకట్ట వేసిన 1279 శాసనం, వ్యాపారుల బాకీల వసూలుకు 1283లో ఒకటి, ఊళ్లలో శాంతిభద్రతల బాధ్యతను స్థానికులమీదే పెట్టిన 1285 వించెస్టర్ శాసనం, భూమి కొన్నవాడు అమ్మినవాడికి కాక అతడి పై ప్రభువుకే నేరుగా బద్ధుడై ఉండాలన్న 1290 శాసనం వరసగా వచ్చాయి. చివరిది ఇంగ్లండులో ఇప్పటికీ రద్దు కాలేదు. ఇవన్నీ రాజు కూర్చుని రాసినవి కావు. న్యాయమూర్తులు, ముఖ్యంగా ఛాన్సలర్ రాబర్ట్ బర్నెల్ వంటివారి కృషి ఇందులో ఉంది. కానీ వాటి వెనక ఉన్న ధోరణి మాత్రం రాజుదే: హక్కు ఏదైనా సరే, దానికి పత్రం చూపించు, లేదా అది రాజుదని ఒప్పుకో. వేల్స్, స్కాట్లండు విషయాల్లోనూ ఇదే ధోరణితో నడిచాడు, అక్కడ అది నిప్పు రాజేసింది.

వేల్స్ వాయవ్య ప్రాంతమైన గ్వినెడ్ పాలకుడు లివెలిన్ అప్ గ్రిఫిడ్‌ను 1267 మాంట్‌గోమరీ ఒడంబడికలో మూడవ హెన్రీ ‘వేల్స్ యువరాజు’గా గుర్తించాడు. అయితే అతడు కొత్త రాజు ముందుకు వచ్చి సామంతుడిగా ప్రమాణం చేయాలి. తన శత్రువులకు ఎడ్వర్డ్ ఆశ్రయమిచ్చాడని అలిగిన లివెలిన్ పిలిచిన ప్రతిసారీ ఏదో ఒక సాకు చెప్పి రాలేదు. 1277లో ఎడ్వర్డ్ దండెత్తిన తీరులోనే అతడి పద్ధతి మొత్తం కనిపిస్తుంది. సముద్రతీరం వెంబడి అడవి కొట్టించి వెడల్పాటి బాట వేయిస్తూ ముందుకు సాగాడు. ఆగినచోటల్లా కోటకు పునాది వేయించాడు. ఓడల్లో ఒక దళాన్ని ఆంగ్లెసీ దీవికి పంపి, వెంట కొడవళ్లు పట్టిన కోతగాళ్లను కూడా పంపి, పండిన పంటను కోయించి తెప్పించాడు. కొండల్లో ఉన్న లివెలిన్‌కు తిండిగింజలు ఆ దీవి నుంచే రావాలి. యుద్ధమంటూ ఒక్కటి కూడా జరగకుండానే ఆ నవంబరులో లివెలిన్ లొంగిపోయాడు. ఎడ్వర్డ్ పదాతిదళం 15 వేలకు పైగా ఉంటే, అందులో 9 వేల మంది దక్షిణ వేల్స్ నుంచి వచ్చిన వెల్షువారే. వేల్స్‌ను ఇంగ్లీషువాళ్లు జయించారని ఒక్క ముక్కలో చెప్పేవారు ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి.

1282లో లివెలిన్ తమ్ముడు దావిద్ తిరగబడ్డాడు. విచిత్రమేమంటే 1277లో అతడు ఎడ్వర్డ్ పక్షాన పోరాడినవాడే. ఇంగ్లీషు అధికారుల పెత్తనం, ఇంగ్లీషు న్యాయస్థానాల తీర్పులు వెల్షు చట్టాన్ని పక్కకు నెట్టడం అందరినీ ఏకం చేశాయి. ఆ డిసెంబరు 11న లివెలిన్ చిన్న పోరులో, చంపినవాడికి తానెవరో తెలియకుండానే చనిపోయాడు. దావిద్‌ను పట్టుకుని 1283లో ష్రూస్‌బరీలో గుర్రాలకు కట్టి ఈడ్పించి, ఉరి తీసి, పేగులు తీయించి, నాలుగు ముక్కలు చేయించారు. అప్పటిదాకా రాజుల అంతస్తున్నవారికి అలాంటి మరణం ఇంగ్లండులో అరుదు. 1284 రుద్లన్ శాసనంతో గ్వినెడ్‌ను ఇంగ్లీషు పద్ధతిలో జిల్లాలుగా విభజించారు.

ఇక కోటలు. ఫ్లింట్, రుద్లన్, కాన్వీ, కెర్నార్వన్, హార్లెక్, బ్యూమారిస్ కోటలు ఈ జైత్రయాత్రల ఫలితమే. పనిని నడిపించినవాడు సవోయ్ నుంచి వచ్చిన మేస్త్రీ జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్. దాదాపు అన్నీ పడవలు వచ్చి ఆగగలిగే చోట కట్టారు, ఎందుకంటే చుట్టూ ఉన్న పల్లెలు ముట్టడించినా సముద్రం మీదుగా తిండి అందాలి. రుద్లన్ దగ్గర అందుకోసం క్లూయిడ్ నది దారినే రెండు మైళ్లకు పైగా తిన్నగా తవ్వించారు. వీటన్నిటికీ పాతికేళ్లలో సుమారు 80 వేల పౌండ్లయింది. చివరిదైన బ్యూమారిస్ గురించి 1296 ఫిబ్రవరిలో జేమ్స్ మేస్త్రీ ఖజానా అధికారులకు రాసిన లేఖ ఇప్పటికీ ఉంది. వారానికి ఇంత డబ్బు ఎలా ఖర్చవుతోందని మీకు ఆశ్చర్యం కలగవచ్చు అని మొదలుపెట్టి, రాళ్లు చెక్కేవారు, పేర్చేవారు కలిపి 400 మంది, కూలీలు 2,000 మంది, రాతి గనుల్లో 200 మంది, కమ్మరులు 30 మంది, ఇంకా వడ్రంగులు, కోటకు కాపలా ఉన్న సైనికులు, రాళ్లు, బొగ్గు మోసే 100 బండ్లు, 60 పెద్ద బండ్లు, 30 పడవలు అని పద్దు చెబుతాడు. వారానికి 250 పౌండ్లు కావాలంటాడు. కూలీ బకాయిలు పేరుకుపోయాయనీ, మనుషులు నిలవడం కష్టంగా ఉందనీ చెప్పి, దేవుడి మీద ఆన, డబ్బు త్వరగా పంపండి, లేకుంటే ఇప్పటిదాకా చేసినదంతా వృథా అని ముగిస్తాడు. డబ్బు సరిగా రాలేదు. బ్యూమారిస్ ఇప్పటికీ అసంపూర్తిగానే ఉంది. ప్రాకారాలు ఉండవలసిన ఎత్తుకు లేవలేదు. ఎడ్వర్డ్ పాలన రెండో సగం మొత్తాన్ని అర్థం చేసుకోవడానికి నాకు ఈ ఒక్క లేఖ చాలనిపిస్తుంది.

యుద్ధం ఖర్చు ఎవరిమీద పడిందో చెప్పేటప్పుడు యూదుల సంగతి దాటవేయకూడదు. ఇతడిని శాసనకర్తగా పొగిడేవారు చాలామంది దాటవేస్తారు. ఇంగ్లండులోని యూదులు రాజు సొత్తుగా పరిగణించబడేవారు, వడ్డీ వ్యాపారమే వారికి ప్రధానంగా మిగిల్చిన బతుకుతెరువు, తండ్రి కాలం నుంచే భారీ పన్నులతో వారిని పీల్చి పిప్పి చేశారు. 1275లో ఎడ్వర్డ్ వడ్డీకి అప్పు ఇవ్వడాన్ని నిషేధించాడు గానీ వేరే వృత్తుల తలుపులు నిజంగా తెరవలేదు. 1278-79లో నాణేల అంచులు కత్తిరిస్తున్నారన్న ఆరోపణతో దేశమంతటా వందల మందిని జైళ్లలో వేసి, చాలామందిని ఉరితీశారు. అదే నేరం చేసిన క్రైస్తవులు ఎక్కువమంది జరిమానాతో బయటపడ్డారు. ఫ్రాన్సు నైరుతిలో తన ఏలుబడిలో ఉన్న గాస్కనీ నుంచి 1289లో అప్పులతో తిరిగివచ్చిన రాజుకు 1290లో పార్లమెంటు పెద్ద పన్ను ఇవ్వడానికి ఒప్పుకుంది, దాదాపు అదే సమయంలో, జులై 18న, యూదులందరూ నవంబరు 1లోగా దేశం విడిచిపోవాలన్న ఆజ్ఞ వెలువడింది. ఆ పన్ను 1 లక్షా 16 వేల పౌండ్లు రాబట్టింది. ఇంగ్లండు మధ్యయుగంలో ఒకే విడతలో వసూలైన అతిపెద్ద మొత్తం అదే. ఒక సమాజాన్ని వెళ్లగొట్టడం పన్ను బేరంలో భాగమైంది. వారు మళ్లీ బహిరంగంగా ఇంగ్లండులో నివసించగలిగింది 1656 తర్వాతే.

ఆ నవంబరులోనే రాణి ఎలియనోర్ మరణించింది. ఆమె శవపేటిక లింకన్ నుంచి వెస్ట్‌మినిస్టర్‌కు వచ్చే దారిలో రాత్రి ఆగిన 12 చోట్ల రాజు రాతి శిలువలు నిలబెట్టించాడు. మూడు మిగిలి ఉన్నాయి. రాజకీయంగా అంతకన్నా పెద్ద దెబ్బ ఆ శరత్కాలంలోనే తగిలింది: స్కాట్లండు సింహాసనానికి వారసురాలైన ఏడేళ్ల మార్గరెట్ నార్వే నుంచి వస్తూ ఆర్క్‌నీ దీవుల్లో చనిపోయింది. ఆమెను తన కొడుక్కి ఇచ్చి పెళ్లిచేయాలని ఎడ్వర్డ్ అప్పటికే ఒప్పందం కుదుర్చుకున్నాడు. యుద్ధం లేకుండా రెండు రాజ్యాలూ ఒకటయ్యే మార్గం అది.

సింహాసనానికి పదమూడు మంది పోటీపడ్డారు. అంతర్యుద్ధం వస్తుందన్న భయంతో స్కాట్లండు పెద్దలు ఎడ్వర్డును మధ్యవర్తిగా పిలిచారు. అతడు మధ్యవర్తిగా రాలేదు. 1291లో నార్హమ్‌లో, ముందుగా తనను స్కాట్లండుకు పై ప్రభువుగా అంగీకరించాలని పట్టుబట్టాడు. రాజు లేడు కాబట్టి ఆ మాట ఇవ్వడానికి మాకు అధికారం లేదని వారన్నారు. పోటీదారులు మాత్రం ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకున్నారు, ఎందుకంటే ఒప్పుకోనివాడు పోటీలోంచి పోతాడు. విచారణ మాత్రం నిక్కచ్చిగా జరిగింది. 104 మంది తీర్పరులు, వారిలో ప్రధాన పోటీదారులైన జాన్ బేలియల్, రాబర్ట్ బ్రూస్ చెరి 40 మందిని ఎంచుకున్నారు, మిగిలిన 24 మంది రాజు మనుషులు. 1292 నవంబరు 17న బేలియల్‌కు అనుకూలంగా తీర్పు వచ్చింది. జ్యేష్ఠ శాఖ వారసుడు కాబట్టి ఆనాటి ధర్మం ప్రకారం అది సరైన తీర్పే. తర్వాత ఎడ్వర్డ్ చేసినదే ఇరుకున పెట్టే పని: స్కాట్లండు న్యాయస్థానాల్లో ఓడినవారి అప్పీళ్లను వెస్ట్‌మినిస్టర్‌లో విన్నాడు, బేలియల్‌ను స్వయంగా ఇంగ్లీషు పార్లమెంటు ముందు మామూలు ప్రతివాదిలా నిలబెట్టాడు. పత్రం ప్రకారం అతడికి ఆ హక్కు ఉందేమో కానీ, ఒక రాజును సొంత ప్రజల కళ్లముందు అంతగా చులకన చేస్తే ఆ రాజు ఎంతకాలం పనికొస్తాడన్న ఆలోచన అతడికి రాలేదు. విడ్డూరమేమంటే, ఫ్రాన్సు రాజు నాలుగవ ఫిలిప్ గాస్కనీ విషయంలో ఎడ్వర్డును సరిగ్గా ఇలాగే తన న్యాయస్థానానికి పిలిచాడు. అది అవమానమని ఎడ్వర్డ్ భగ్గుమన్నాడు.

1294లో అసలు పతనం మొదలైంది. నలభై రోజుల్లో తిరిగి ఇచ్చేస్తామన్న మాట నమ్మి ఎడ్వర్డ్ తమ్ముడు ఎడ్మండ్ గాస్కనీ కోటలను ఫిలిప్‌కు అప్పగించాడు, ఫిలిప్ ఇవ్వలేదు. సైన్యం సమకూరుస్తుండగానే వేల్స్‌లో మాడోగ్ నాయకత్వంలో తిరుగుబాటు లేచి కెర్నార్వన్ చేజారింది. రిక్కార్డీల డబ్బు ఐరోపా అంతటా చిక్కుకుపోయి అడిగిన రొక్కం సర్దలేకపోయారు; రాజు కోపంతో వారినుంచి ఉన్ని సుంకం లాగేసుకోగా ఆ సంస్థ కుప్పకూలింది. ఇరవై ఏళ్లుగా యుద్ధ యంత్రాన్ని కదిలించిన ఇరుసు అలా విరిగింది. 1295 అక్టోబరులో స్కాట్లండు ఫ్రాన్సుతో పొత్తు కుదుర్చుకుంది. 1296 మార్చిలో ఎడ్వర్డ్ బెరిక్ పట్టణాన్ని పట్టి పౌరులను నరికించాడు. చనిపోయినవారి సంఖ్యను ఆనాటి రచయితలు వేలల్లో చెప్పారు, అంకెలు పెంచినవే అయినా ఘాతుకం జరిగిందనడంలో సందేహం లేదు. డంబార్‌లో స్కాట్లండు సైన్యం చెదిరిపోయింది, ఎడ్వర్డ్ బేలియల్ దుస్తులమీది రాజచిహ్నాలను బహిరంగంగా చింపివేయించి అతడిని బందీగా తీసుకెళ్లాడు, స్కోన్‌లో రాజులు పట్టాభిషేకం చేసుకునే రాయిని వెస్ట్‌మినిస్టర్‌కు తరలించాడు.

1294 నుంచి 1298 వరకు జరిగిన యుద్ధాలకు సుమారు 7 లక్షల 50 వేల పౌండ్లయిందని అంచనా. ఏడాదికి 30 వేలు రాని ఇంటికి అది ఎలాంటి దెబ్బో ఊహించుకోవచ్చు. సామాన్యుడి ఆస్తిలో పదో వంతు, పదకొండో వంతు, పన్నెండో వంతు అంటూ ఏటేటా పన్నులు వేశారు. ఉన్ని బస్తా మీద సుంకం 40 షిల్లింగులకు పెంచారు. వ్యాపారులు ఆ భారాన్ని గొర్రెల కాపరికి ఇచ్చే ధరలో కోసుకున్నారు. సైన్యం తిండి కోసం గ్రామాల్లో ధాన్యం, పశువులు పట్టుకుపోయి, డబ్బుకు బదులు బాకీ గుర్తుగా గీతలు కోసిన చెక్కముక్క చేతిలో పెట్టారు. 1295 నవంబరు పార్లమెంటుకు ప్రతి కౌంటీ (జిల్లా) నుంచి ఇద్దరు నైట్లు (గుర్రపు యోధుల హోదా ఉన్న పెద్దలు), ప్రతి ముఖ్య పట్టణం నుంచి ఇద్దరు పౌరులు, చర్చి తరఫున ప్రతినిధులు రావాలని పిలుపు పంపినది ఈ నేపథ్యంలోనే. అందరినీ తాకే విషయాన్ని అందరూ ఆమోదించాలన్న పాత రోమన్ న్యాయసూత్రాన్ని మతాధిపతులకు పంపిన ఆహ్వానంలో రాయించాడు. దాన్ని ఆదర్శ పార్లమెంటు అని తర్వాత ఎప్పుడో 19వ శతాబ్దపు చరిత్రకారులు పొగిడారు. అలాంటి పిలుపు మాంట్‌ఫర్ట్ 1265లోనే పంపాడు. ఎడ్వర్డ్‌కు ప్రజాస్వామ్యం మీద మోజు లేదు. పన్ను ఇవ్వవలసినవాడు ముందుగా ‘సరే’ అంటే వసూలు సులువవుతుందని తెలుసు, అంతే.

1297లో ఆ ‘సరే’ దొరకలేదు. ఫిబ్రవరిలో సాల్స్‌బరీ సమావేశంలో ప్రభువులను గాస్కనీ వెళ్లమన్నాడు, తాను ఫ్లాండర్స్ వెళతానన్నాడు. రాజు సైన్యాన్ని నడిపే మార్షల్ పదవిలో ఉన్న నార్‌ఫోక్ ఎర్ల్ (పెద్ద ప్రభువు) రోజర్ బిగడ్, మీరు వెంట ఉంటే మీ ముందు నడవడం నా వంశపు విధి, మీరు లేనిచోటికి పోవడం నా విధి కాదన్నాడు. దేవుడి మీద ఒట్టు, నువ్వు వెళ్లాలి లేదా ఉరి వేలాడాలి అని రాజు అరిస్తే, అదే ఒట్టు మీద నేను వెళ్లనూ వెళ్లను, ఉరీ వేలాడను అని బిగడ్ బదులిచ్చినట్టు ఆనాటి చరిత్ర రచయిత ఒకడు రాశాడు. మాటలు అచ్చంగా అవే కాకపోవచ్చు, ఘర్షణ మాత్రం అదే. అటు పోప్ ఆజ్ఞను చూపి పన్ను ఇవ్వనన్న కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ వించెల్సీని, మతాధిపతులను రాజు రక్షణ నుంచి బయటికి నెట్టాడు. అంటే వారిని ఎవరు దోచుకున్నా కోర్టు వినదు. ఆగస్టులో సరైన సమ్మతి లేకుండానే మరో పన్ను ప్రకటించాడు. రాజు గదిలో చుట్టూ నిలబడ్డవాళ్లే దాన్ని మంజూరు చేశారని ఒక రచయిత వెటకరించాడు. బిగడ్, హెరిఫర్డ్ ఎర్ల్ హంఫ్రీ డి బోహున్ సాయుధులతో ఖజానా కార్యాలయానికే వచ్చి, మమ్మల్ని బానిసలను చేసే ఈ పన్ను వసూలు ఆపమని అడ్డుపడ్డారు. రాజు అప్పటికే ఓడ ఎక్కుతున్నాడు.

అంతర్యుద్ధం ఆగడానికి కారణం స్కాట్లండు తిరుగుబాటు నాయకుడు విలియం వాలెస్. 1297 సెప్టెంబరు 11న స్టర్లింగ్ వంతెన దగ్గర వాలెస్, ఆండ్రూ మరే ఇంగ్లీషు సైన్యాన్ని సగం వంతెన దాటనిచ్చి నరికేశారు. ఆ వార్తతో లండన్‌లో రాజప్రతినిధులు బెంబేలెత్తి అక్టోబరు 10న ప్రభువుల డిమాండ్లకు తలొగ్గారు: రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టాను, రాజు అడవుల్లో ప్రజల హక్కులు చెప్పే అడవుల చార్టరును మళ్లీ ధ్రువీకరించారు, ఇకమీదట ఇలాంటి పన్నులు రాజ్యం ఉమ్మడి సమ్మతితో తప్ప తీసుకోమని, 40 షిల్లింగుల సుంకాన్ని రద్దు చేస్తున్నామని రాసిచ్చారు. నవంబరులో ఫ్లాండర్స్‌లోని గెంట్‌లో రాజు దానిని ఆమోదించక తప్పలేదు.

1298లో స్కాట్లండుకు తీసుకెళ్లినది ఆ రాజ్యం అప్పటిదాకా చూసిన అతిపెద్ద సైన్యాల్లో ఒకటి. పదాతిదళం 25,700 వరకు, అందులో దాదాపు 11 వేల మంది వెల్షువారు. పదాతికి రోజుకు 2 పెన్నీలు, నైట్‌కు 2 షిల్లింగులు. పదాతుల జీతమే రోజుకు 200 పౌండ్లు దాటుతుంది. కదలడానికి ముందు ప్రతి గుర్రాన్నీ అధికారులు చూసి రంగు, గుర్తులు, విలువ రాసుకునేవారు, చస్తే పరిహారం ఇవ్వాలి కాబట్టి. ఫాల్‌కిర్క్ యాత్ర గుర్రాల జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. ఎదురుగాలికి ఆహారపు ఓడలు ఆలస్యమై, వచ్చినవాటిలో ధాన్యం కన్నా ద్రాక్షసారా ఎక్కువగా ఉంది. ఖాళీ కడుపున తాగిన వెల్షు సైనికులు గొడవకు దిగి కొందరు పూజారులను చంపారు, ఇంగ్లీషు గుర్రపు దళం వారిమీద పడింది. వెనక్కి మళ్లే ఆలోచనలో ఉండగా వాలెస్ దగ్గర్లోనే ఉన్నాడని తెలిసింది. జులై 22న పొడవాటి ఈటెలు బయటికి చాచి గుండ్రంగా నిలబడ్డ స్కాట్ పదాతులమీద గుర్రాలు పనిచేయలేదు. విలుకాండ్రు బాణాలతో ఖాళీలు చేసిన తర్వాతే గుర్రపు దళం చొరబడింది. గెలిచాడు, కానీ తిండి లేక సైన్యం కరిగిపోయి, ఆ గెలుపును వాడుకోలేకపోయాడు. తర్వాతి యాత్రల్లోనూ జీతాలు అందక పదాతులు గుంపులుగా పారిపోయేవారు.

1304లో స్టర్లింగ్ కోట ముట్టడిలో యాభై మందికి పైగా వడ్రంగులు కట్టిన ‘వార్‌వుల్ఫ్’ అనే రాళ్లు విసిరే యంత్రం సిద్ధమవుతుండగానే కోటలోనివారు లొంగిపోతామన్నారు. యంత్రాన్ని ప్రయోగించి చూసేదాకా ఎవరూ బయటికి రాకూడదని రాజు చెప్పాడు. రాణి, ఆమె చెలికత్తెలు ఆ ముట్టడిని చూడటానికి ఊళ్లో ఒక ఇంటికి కిటికీ కూడా పెట్టించాడు. 1305 ఆగస్టు 23న లండన్‌లో వాలెస్‌కు దావిద్‌కు పట్టిన గతే పట్టింది. ఎడ్వర్డుకు ఎన్నడూ ప్రమాణం చేయనివాడిని రాజద్రోహిగా చంపారు. 1306లో పాత పోటీదారు మనవడు రాబర్ట్ బ్రూస్ తన ప్రత్యర్థి కోమిన్‌ను డంఫ్రీస్ చర్చిలో చంపి, మార్చి 25న స్కోన్‌లో రాజయ్యాడు. ఎడ్వర్డ్ ఆగ్రహం ఈసారి ఆడవాళ్లమీదా పడింది: బ్రూస్‌కు పట్టం కట్టిన బకన్ కౌంటెస్ ఇసబెల్లాను బెరిక్‌లో, బ్రూస్ సోదరి మేరీని రాక్స్‌బర్గ్‌లో బోనుల్లో పెట్టించాడు. ఆ కాలపు కొలమానంతో చూడాలని అతడిని సమర్థించేవారికి నేను చెప్పేది ఒక్కటే: ఆ కాలపు వారే వీటిని అసాధారణంగా భావించి రాసిపెట్టారు. 1307 జులై 7న, మళ్లీ స్కాట్లండు మీదికి వెళుతూ, సరిహద్దు దగ్గర బర్గ్ బై సాండ్స్‌లో మరణించాడు. ఖజానాకు మిగిలిన అప్పు సుమారు 2 లక్షల పౌండ్లు.

ఆ అప్పూ, గెలవలేని యుద్ధమూ, తిరగబడటం నేర్చిన ప్రభువులూ కొడుకు రెండవ ఎడ్వర్డ్ నెత్తిన పడ్డాయి. అతడు చేతకానివాడన్నది నిజమే కానీ, 1314 బానక్‌బర్న్ ఓటమికి కారణాలు వెతికేవారు తండ్రి మిగిల్చిన పద్దును కూడా చూడాలి. వెస్ట్‌మినిస్టర్‌లో ఎడ్వర్డ్ సమాధి మీద ‘స్కాట్లను అణచిన సమ్మెట’ అన్న మాట 16వ శతాబ్దంలో రాసినది. నిజానికి అంతవరకు తమలో తాము కలహించుకున్న స్కాట్లండు వర్గాలను ఒక్కటి చేసింది, వారిని రెండున్నర శతాబ్దాలపాటు ఫ్రాన్సు పక్షాన నిలబెట్టింది అతడి పట్టుదలే. స్కోన్ నుంచి తెచ్చిన ఆ రాయి 1996లో స్కాట్లండుకు తిరిగి వెళ్లింది. వేల్స్‌లో గెలుపు నిలిచింది; కానీ ఆ కోటలు ఎప్పటికీ లొంగనివేమీ కావు, 1404లో తిరగబడ్డ వెల్షు నాయకుడు ఒవైన్ గ్లిండూర్ హార్లెక్‌ను పట్టి అక్కడే కొలువు తీర్చాడు. ఇవాళ వాటిలో నాలుగు, కాన్వీ, కెర్నార్వన్, హార్లెక్, బ్యూమారిస్, ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి; ఆ కోటలు వెల్షువారికి గర్వకారణమూ, గాయమూ కూడా.

నా దృష్టిలో అన్నిటికన్నా గట్టిగా నిలిచినది అతడు ఇష్టపడి ఇవ్వనిది. ఇంగ్లండు చట్టాల పుస్తకంలో మాగ్నా కార్టా పేరుతో ఈనాటికీ ఉన్న పాఠం జాన్ రాజు 1215లో ముద్ర వేసినది కాదు, 1297లో ఎడ్వర్డ్ పేరిట ధ్రువీకరించినదే. దానిలోంచి కూడా బయటపడాలని చూశాడు: 1305 చివర్లో పోప్ ఐదవ క్లెమెంట్ చేత తన ప్రమాణాల నుంచి విముక్తి పత్రం తెప్పించుకుని, అడవుల విషయంలో ఇచ్చిన రాయితీలను వెనక్కి తీసుకున్నాడు. కానీ అప్పుల్లో కూరుకుపోయి కూడా 40 షిల్లింగుల సుంకాన్ని మళ్లీ వేయడానికి సాహసించలేదు. మనవడు మూడవ ఎడ్వర్డ్ ఫ్రాన్సుతో యుద్ధానికి దిగి అలాంటి సుంకాన్ని మళ్లీ తెచ్చినప్పుడు, దాన్ని నిలుపుకోవడానికి పార్లమెంటుతో ఏళ్ల తరబడి బేరమాడవలసి వచ్చింది.